హగరి ఇసుక మేటలు: రెండు రాష్ట్రాలూ కలిసి కూర్చోవాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల ఇసుక దిబ్బల ఫొటోలు ‘ఎడారి’ అన్న శీర్షికతో పత్రికల్లో కనిపిస్తాయి. చదివినవారికి ఇదంతా ప్రకృతి శాపమనిపిస్తుంది గానీ, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడే నేల అసలైన ఎడారి కాదు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం, తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య వానలు అంతంతమాత్రంగానే అందడం మా కరవుకు కారణాలన్నది నిజమే. ఇసుక కథ మాత్రం వేరు.

కర్ణాటక నుంచి వచ్చే వేదవతినే ఇక్కడ హగరి అంటాం. ఎగువన హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరం వందేళ్లకు పైగా ఆ నీటిని నిలుపుతోంది. ఇటు గుమ్మగట్ట మండలంలోని భైరవానితిప్ప జలాశయం నిండిన సంవత్సరాలు అరుదు. దిగువన నది ఎక్కువ కాలం ఒట్టి ఇసుకగానే ఉంటుంది కనుక, ఆషాఢ గాలులు ఆ ఇసుకను లేపి ఒడ్డు పొలాల్లో మేట వేస్తాయి. వేరుశనగ మొలక దశలోనే పూడిపోయిన రైతుకు ఆ తర్వాత వాన కురిసినా ఒరిగేదేమీ ఉండదు.

1953లో బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు రాయదుర్గం తాలూకా ఆంధ్రకు వచ్చింది, బళ్లారి మైసూరులో కలిసింది. అయినా మా సంబంధాలు, సంతలు, రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టేవారి పని, పొద్దుటి ఉగ్గాని బజ్జితో సహా, నేటికీ అటూ ఇటూ కలిసే ఉన్నాయి. సరిహద్దు పల్లెల్లో కన్నడ మాధ్యమం బడులూ నడుస్తున్నాయి. అధికారుల పటాలు మాత్రం రాష్ట్రం గీత దగ్గరే ఆగిపోతాయి. ఇవే మండలాల గుండా పారే తుంగభద్ర ఎగువ కాలువ నీటి వ్యవహారాలకు రాష్ట్రాల ఉమ్మడి సంస్థ తుంగభద్ర బోర్డు ఉన్నప్పుడు, హగరి ఒడ్డున ఇసుకను అదుపు చేసేందుకు రెండు రాష్ట్రాల అటవీ, నీటిపారుదల శాఖలు కలిసి కూర్చోవడం అసాధ్యమేమీ కాదు.

దిబ్బల వెంబడి గాలికి అడ్డంగా చెట్ల వరుసలు పెంచడం, మేట వేసిన భూముల్లో వేరుశనగనే పట్టుకుని వేలాడకుండా కొర్ర వంటి పంటలకు విత్తనం, గిట్టుబాటు ధర సమకూర్చడం, నదిలో ఇసుక తవ్వకంపై గట్టి నిఘా పెట్టడం తక్షణం జరగవలసిన పనులు. భైరవానితిప్పకు జీడిపల్లి జలాశయం నుంచి నీళ్లు తెచ్చే పథకం మాట ఎన్నికల వేళ మాత్రమే వినిపించడం మాకు అలవాటైపోయింది. వచ్చే జూన్ గాలులకు ముందే మేట వేసిన పొలాలను రెవెన్యూ సిబ్బంది సర్వే నంబర్ల వారీగా కొలిచి, ఆ జాబితాను గ్రామ సచివాలయాల్లో అంటించాలని జిల్లా యంత్రాంగాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, రాయదుర్గం