హ్యాండిల్ సందుల్లో పెద్ద మెషిన్ పెట్టకండి

సంపాదకుల గారికి నమస్కారం.

దసరా వస్తోందంటే కార్లకు రబ్బింగ్ పాలిష్ చేయించేవాళ్లు ఎక్కువవుతారు, వాహన పూజ నాటికి బండి తళతళలాడాలని ఎవరికి ఉండదు? చేయించుకోవాల్సిందే. కానీ విజయవాడ ఆటోనగర్‌లో ఇదే పని చేసే మనిషిగా నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. బానెట్ మీద తిప్పిన పెద్ద బఫింగ్ మెషిన్‌నే, ప్యాడ్ కూడా మార్చకుండా, డోర్ హ్యాండిల్ వెనక, సైడ్ మిర్రర్ కింద, నంబర్ ప్లేటు చుట్టూ, డిక్కీ మీది స్పాయిలర్ కింద దూర్చేస్తున్నారు. అలా అంచులు కాలిన బండ్లు పండగయ్యాక మా దగ్గరికి వస్తాయి. అప్పటికి పాలిష్‌తో చేయగలిగేది ఏమీ మిగలదు, ఆ భాగానికి మళ్లీ పెయింట్ వేయించుకోవడమే.

ఎందుకు కాలుతుందో చెబుతాను. ఇప్పటి కార్లలో చాలావాటికి మెరుపునిచ్చేది రంగు కాదు, దాని మీదుండే క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పొర. కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపితేనే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకంత మందం కూడా ఉండదు. మడతల దగ్గర, అంచుల దగ్గర ఇంకా పల్చన, ఎందుకంటే పెయింట్ తడిగా ఉన్నప్పుడే అంచు నుంచి పక్కకు జారిపోతుంది. అలాంటి చోట ఆరంగుళాల ప్యాడ్‌ను ఒరగబెట్టి నొక్కితే ఆ ఒత్తిడంతా సన్నటి గీత మీదే పడుతుంది, రోటరీ మెషిన్ అయితే ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది కాబట్టి వేడి కూడా అక్కడే పేరుకుంటుంది. ప్లాస్టిక్ బంపర్‌కు మరీ ప్రమాదం, అది రేకులాగా వేడిని లాగేసుకోదు, వేడి పెయింట్‌లోనే నిలిచిపోతుంది. క్లియర్ కోట్ ఉన్న బండిలో ప్యాడ్‌కు కారు రంగు అంటుకుందంటే పై పొర పోయినట్టే. కొన్నిసార్లు ఆ రోజు ఏమీ తెలియదు, పల్చబడ్డ చోటు ఎండకు ఎండీ ఎండీ వెలిసిపోయి తర్వాతెప్పుడో పొరలుగా లేస్తుంది, అప్పుడు ఎవరినని అడుగుతారు?

హ్యాండిల్ గుంటలో గోళ్ల గీతలు పోవాలని అందరూ అడుగుతారు. పోతాయి, కానీ దానికి పద్ధతుంది. ఒకటి, రెండు, మూడు అంగుళాల ప్యాడ్లు దొరుకుతాయి, వాటికి సరిపడే చిన్న డ్యూయల్ యాక్షన్ మెషిన్లూ ఉన్నాయి, అవి తిరుగుతూనే అటూ ఇటూ కదులుతాయి కాబట్టి వేడి ఒకేచోట నిలవదు. ముందు రబ్బరు బీడింగులకు, లోగోలకు, పదునైన అంచులకు మాస్కింగ్ టేప్ వేయాలి. స్పీడు తగ్గించి, కాస్త తిప్పి, ఆపి, చేత్తో తాకి చూడాలి. చిన్న ప్యాడ్ కదా ఏమీ కాదులే అనుకుంటే పొరపాటు, చేతి బలమంతా రూపాయి బిళ్లంత చోట పడుతుంది కాబట్టి అదీ త్వరగానే వేడెక్కుతుంది, పైగా కాంపౌండ్‌తో, అంటే రుద్దే పాలిష్ పేస్టుతో, తొందరగా నిండిపోతుంది, తరచుగా మార్చాలి. మెషిన్ తల పట్టని చోట మైక్రోఫైబర్ ప్యాడ్‌తో చేత్తోనే రుద్దాలి. లోతు గీత ఉంటే సగం తగ్గాక వదిలేయాలి, పూర్తిగా పోగొట్టాలని పంతం పడితే పెయింటే పోతుంది. మందం కొలిచే మీటర్ ఉంటే ఇంకా మంచిది, అయితే మామూలు మీటర్ రేకు మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ మీద చూపించదు.

షెడ్లలో కుర్రాళ్లను ఒక్కళ్లనే తిట్టి లాభం లేదు. గంటలో బండి అయిపోవాలి, ఇంకోటి లైన్లో ఉంది, చిన్న మెషిన్ కొనివ్వరు, నేర్పేవాళ్లు లేరు. సందుల పనికి బానెట్ కన్నా ఎక్కువ టైమ్ పడుతుంది, దానికి విడిగా డబ్బు అడిగితే కస్టమర్ ఒప్పుకోడు. షెడ్డు ఓనర్లు ఆ పనికి విడిగా రేటు పెట్టాలి, ఐటీఐల్లో డెంటింగ్, పెయింటింగ్ నేర్పేచోట దీన్నీ చేయించి చూపాలి. మీ పత్రికలో వాహనాల గురించి రాసేటప్పుడు, వీలైతే పండగ ముందే, ఈ విషయం కూడా వేయండి.

బండి ఓనర్లకు ఒక మాట. తాళాలు ఇచ్చే ముందు రెండే అడగండి, సందుల్లో ఏ ప్యాడ్ వాడతారు, అంచులకు టేప్ వేస్తారా అని. సరైన జవాబు రాకపోతే ఆ చోట్లు ముట్టుకోకుండా మిగతా బండి మాత్రమే చేయమనండి.

ఇట్లు,
ఒక కార్ పాలిష్ పనివాడు,
ఆటోనగర్, విజయవాడ