పాప మళ్ళీ మొదటి నుంచి చెప్పాలా? హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధాన న్యాయమూర్తి గారికి,
ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అమరావతి.

నమస్కారం.

పోయిన నెల ఒక గురువారం మా ఇంటి పాపను వెంటబెట్టుకుని ఫ్యామిలీ కోర్టుకు వెళ్ళాను. పాపకు తొమ్మిదేళ్ళు. మా చెల్లెలి మనవరాలు, నన్ను కూడా అమ్మమ్మా అనే పిలుస్తుంది. వరండాలో బెంచీ మీద కూర్చుని వాటర్ బాటిల్ మూత తిప్పుతూ, "అమ్మమ్మా, ఈ మేడమ్ కొత్తా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే మళ్ళీ మొదటి నుంచి చెప్పాలా?" అంది. ఏడవలేదు, మారాం చెయ్యలేదు. హోంవర్క్ ఎంతుందని అడిగినట్టు అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఇంటి కేసులో ఎవరిది తప్పో, పాప ఎవరి దగ్గర ఉండాలో ఇక్కడ రాయను. అది విచారణలో ఉంది, తేల్చాల్సింది కోర్టే. ఏ ఊరి కోర్టో కూడా చెప్పను. నేను అడగబోయేది కేసుల పంపకం గురించి. ఒక కుటుంబానికి చెందిన కేసులు ఏ జడ్జి దగ్గరకు వెళ్తాయి, ఆ జడ్జి దగ్గర ఎన్నాళ్ళుంటాయి, జడ్జి మారితే ఆ పిల్ల చెప్పిన మాట ఏమవుతుంది అన్నదే నా బాధ. పాలనాపరంగా ఇది మీ చేతిలో ఉన్న పని. రాజ్యాంగం 235వ అధికరణ జిల్లా కోర్టుల మీద నియంత్రణను హైకోర్టుకే ఇచ్చింది కనుక మీకే రాస్తున్నాను.

మొదట పాపతో మాట్లాడిన జడ్జిగారు మంచి మనిషి. కోటు తీసేసి, ఛాంబర్లో తన పక్కనే కుర్చీ వేయించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. బయటికొచ్చి పాప, "ఆ సారుకి మా కుక్క పేరు కూడా చెప్పాను" అంది. రెండు నెలలకు ఆయనకు బదిలీ అయింది. ఆ తర్వాత చాలా రోజులు ఇన్‌చార్జి జడ్జిగారు చూశారు. ఆయనకు తన కోర్టు పనే తలకు మించిన భారం, మాకు వాయిదా తప్ప ఇంకేం ఇవ్వగలరు? ఇప్పుడు కొత్త మేడమ్ వచ్చారు. పాత జడ్జిగారితో పాప మాట్లాడిన ఇరవై నిమిషాలు ఫైల్లో రెండు వాక్యాలుగా ఉన్నాయి. పాపతో మాట్లాడాం, తండ్రి దగ్గరకు వెళ్ళడానికి సుముఖంగా లేదు అని. ఎందుకు సుముఖంగా లేదో, ఏం చేస్తే వెళ్తానందో ఆ కాగితంలో లేదు. అది ఆయన మనసులో ఉండిపోయింది, ఆయనతోపాటే వేరే జిల్లాకు వెళ్ళిపోయింది.

ఇంతా చేస్తే మాది ఒక్క కేసు కాదు. విడాకుల పిటిషన్, పాప సంరక్షణ కోసం వేసిన గార్డియన్ పిటిషన్ ఫ్యామిలీ కోర్టులో ఉన్నాయి. గృహహింస కేసు మా అమ్మాయి, అంటే పాప తల్లి, పుట్టింటి ఊళ్ళో మెజిస్ట్రేట్ కోర్టులో ఉంది. క్రిమినల్ కేసు ఇంకో మెజిస్ట్రేట్ దగ్గర. రెండు ఊళ్ళు, మూడు కోర్టులు, నాలుగు కేసులు. గృహహింస కేసులో మెజిస్ట్రేట్ గారు, తండ్రి నెలలో మొదటి ఆదివారం పాపను చూడొచ్చని ఆర్డర్ ఇచ్చారు. ఫ్యామిలీ కోర్టేమో రెండో, నాలుగో శనివారాలు కోర్టు ఆవరణలో చూపించమంది. ఇద్దరూ చట్టం ప్రకారమే ఇచ్చారు. ఒకరి ఆర్డర్ ఇంకొకరి టేబుల్ మీదకు చేరలేదంతే. ఏ ఆర్డర్ పాటించకపోతే ధిక్కారమవుతుందో తెలియక అమ్మాయి, అల్లుడు ఇద్దరూ టెన్షన్ పడ్డారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మొగుడూపెళ్ళాం ఇద్దరిదీ ఒకటే మాట.

ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చిందే ఇలా జరగకుండా ఉండటానికి. పెళ్ళి, భరణం, పిల్లల సంరక్షణ అన్నీ ఒక కప్పు కిందకు తెచ్చారు. పిల్లల సంక్షేమం పట్ల నిబద్ధత, రాజీ కుదిర్చే అనుభవం ఉన్నవాళ్ళను జడ్జీలుగా వెయ్యాలనీ, మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలనీ 4వ సెక్షన్ చెబుతోంది. ఒకే కోర్టులో ఒకరికంటే ఎక్కువమంది జడ్జీలుంటే పని ఎలా పంచాలో ప్రిన్సిపల్ జడ్జి నిర్ణయిస్తారని కూడా అందులోనే ఉంది. కానీ ఏ పద్ధతిలో పంచాలో అక్కడ రాయలేదు. పది లక్షల జనాభా దాటిన నగరాలకు ఫ్యామిలీ కోర్టు తప్పనిసరి, మిగతా చోట్ల ప్రభుత్వం అవసరమనుకుంటే పెడుతుంది. మన జిల్లాల్లో చాలాచోట్ల ఫ్యామిలీ కోర్టు జడ్జిగారే అదనపు జిల్లా జడ్జి కూడా. పొద్దున ఒక హత్యకేసులో సాక్షిని విని, యాక్సిడెంట్ క్లెయిములు చూసి, మధ్యాహ్నం మూడున్నరకు ఒక పాపతో మెల్లగా మాట్లాడాలంటే ఎంత ఓర్పున్న మనిషికైనా కష్టమే. నేను ఆ జడ్జిని తప్పుపట్టను.

మూడేళ్ళు, నేరం మోపబడిన పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో సోషల్ వర్కర్ సభ్యురాలిగా కూర్చున్నాను కాబట్టి అటువైపు నుంచి కూడా ఇది చూశాను. బోర్డులో ఒక ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు. 2016 నమూనా నియమాల ప్రకారం, కేసులు తక్కువని ప్రత్యేకంగా ఆర్డర్ ఉంటే తప్ప, బోర్డు ప్రతి పనిదినమూ కనీసం ఆరు గంటలు కూర్చోవాలి. మా బోర్డు వారానికి ఒక్కరోజు కూర్చునేది. మెజిస్ట్రేట్ గారికి రెగ్యులర్ కోర్టు ఉండేది మరి. నా మూడేళ్ళలో నలుగురు మెజిస్ట్రేట్లు మారారు.

ఒక పిల్లవాడు, పదిహేనేళ్ళు, సెల్‌ఫోన్ దొంగతనం కేసు. పేరు, ఊరు చెప్పకూడదు, జువెనైల్ చట్టం 74వ సెక్షన్ ఒప్పుకోదు. అప్పటి మెజిస్ట్రేట్ గారు వాడితో, "మళ్ళీ బడిలో చేరి, ఆ కాగితం తెచ్చి నాకు చూపించు, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. వాడు నిజంగానే చేరాడు. తర్వాతి సిట్టింగ్‌కు హెడ్‌మాస్టర్ గారి చేత సంతకం, స్టాంపు వేయించుకుని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. కుర్చీలో వేరే మెజిస్ట్రేట్ గారున్నారు. ఆయనకు ఆ మాట తెలియదు. ఫైల్ చూసి, పోలీస్ రిపోర్ట్ రాలేదని, వచ్చే తేదీ చెప్పేశారు. పిల్లవాడి చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. సభ్యులం ఇద్దరం మారలేదు కాబట్టి నేను పిలిచి, "ఏరా, కాగితం తెచ్చావా?" అని అడిగాను. అప్పుడు తీశాడు. చెమటకు సిరా పాకింది. మేం మారి ఉంటే ఆ కాగితం జేబులోనే ఉండిపోయేది.

ఆ కేసు ఎలా ముగిసిందో కూడా చెబుతాను. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే ఇంకో రెండు నెలల్లో పూర్తి కావాలి. కాకపోతే ముగిసినట్టే. అలాగే ముగిసింది. తప్పు చేశావని ఎవరూ చెప్పలేదు, చెయ్యలేదనీ చెప్పలేదు. వాడి తల్లి నన్ను, "అంటే మావాడు మంచోడనేనా మేడమ్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అన్నీ ఒక్క జడ్జి దగ్గరే పెడితే ప్రమాదం అనేవాళ్ళున్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఒక జడ్జికి ఒకవైపు అభిప్రాయం ఏర్పడితే ఆ కుటుంబం మొత్తం ఇరుక్కుంటుంది, నిజమే. అందుకే క్రిమినల్ కేసును వేరుగానే ఉంచాలంటాను. అక్కడ ముద్దాయికి తనదైన హక్కు ఉంది, భరణం కేసులో విన్నది దాని మీద పడకూడదు. మొదటి కేసు ఎవరి దగ్గరకు వెళ్ళాలో లాయర్లు ఎంచుకునే వీలు లేకుండా కంప్యూటరే తేల్చాలి. నమ్మకం పోయిందనుకుంటే మార్పు కోసం పిటిషన్ వేసుకునే దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్‌లో ఎలాగూ ఉంది. నేనడిగేది మిగతా వాటి గురించి. విడాకులు, భరణం, పిల్లలు. గృహహింస చట్టం కింద అడిగే ఉపశమనాలను కూడా ఫ్యామిలీ కోర్టులోనే అడగొచ్చని ఆ చట్టం 26వ సెక్షనే చెబుతోంది. ఆ సంగతి ఫైలింగ్ రోజునే చెప్పేవాళ్ళుంటే మాకు రెండు ఊళ్ళు తిరిగే పని ఉండేది కాదు.

2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, భరణం కోసం ఇంకోచోట కేసు ఉంటే, ఆర్డర్ వచ్చి ఉంటే, అది చెప్పి తీరాలంది. మంచిదే. కానీ ఆ భారం పిటిషన్ వేసిన మనిషి మీద పడింది. ఏడుస్తూ లాయరు ఆఫీసుకు వచ్చిన అమ్మాయికి ఏ నంబరు ఏ కోర్టుదో గుర్తుండదు. ఈ-కోర్టుల్లో ప్రతి కేసుకూ 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంది. కుటుంబానికి మాత్రం నంబరు లేదు. ఫైలింగ్ కౌంటర్లో భార్యాభర్తల పేర్లతో ఒకే కుటుంబ నంబరు ఇచ్చి, కొత్త కేసు ఏ కోర్టులో వేసినా పాతవన్నీ జడ్జి ముందు స్క్రీన్ మీద కనిపించేలా చెయ్యలేమా? మొదటి కేసు విన్న జడ్జికే మిగతావి వెళ్ళేలా ఫ్యామిలీ కోర్టుల చట్టం 21వ సెక్షన్ కింద మీరు రూల్ చెయ్యొచ్చు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. బదిలీ అయిన జడ్జిగారు వెళ్ళే ముందు, పిల్లలతో తాను మాట్లాడిన ప్రతి కేసుకూ ఒక పేజీ రాసి, సీల్డ్ కవర్లో పెట్టి వెళ్ళాలి. పాప ఏం చెప్పింది, ఏ మాట దగ్గర ఆగింది, తాను పాపకు ఏం మాట ఇచ్చారు. కొత్త జడ్జి పాపను పిలిచే ముందు అది చదవాలి. పిల్లలను మళ్ళీ పిలవాల్సిన అవసరం నిజంగా ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. అలాగే జువెనైల్ బోర్డు మెజిస్ట్రేట్లకు వేరే కోర్టు ఛార్జి ఇవ్వకుండా, కనీసం రెండేళ్ళు కదపకుండా ఉంచమని కోరుతున్నాను. ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సెలర్ల కోసం న్యాయశాఖ మంత్రి గారికి వేరే ఉత్తరం రాశాను, ఆ సంగతి ఇక్కడ పెంచను.

మా పాప విషయంలో కొత్త మేడమ్ ఆ గురువారం పిలవలేదు, టైం చాలలేదు. వచ్చే వాయిదా ఈ నెల ఆఖర్లో. ఆ రోజు స్కూల్లో సైన్స్ పరీక్ష ఉంది. లీవ్ లెటర్ రాసి బ్యాగులో పెట్టాం. కుక్క చనిపోయిన సంగతి ఈ మేడమ్‌కు చెప్పాలా వద్దా అని నిన్న రాత్రి నన్ను అడిగింది.

ఇట్లు,
జువెనైల్ జస్టిస్ బోర్డు మాజీ సభ్యురాలు, ఒక అమ్మమ్మ