వార్షిక నివేదిక 2024–25: మిద్దెలపై సౌర విద్యుత్తు, మన సంఘం చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు మన అనంతపురం కాలనీ సంక్షేమ సంఘం ఈ ఏడాది మిద్దెలపై సౌర విద్యుత్తు విషయానికే ఎక్కువ సమయం కేటాయించింది. పారిశుధ్యం, వీధి దీపాల పనులు యథావిధిగా సాగాయి.

2010లో మొదలైన జాతీయ సౌర మిషన్ 2022 నాటికి 20,000 మెగావాట్లు సాధించాలనుకోగా, 2015లో కేంద్ర ప్రభుత్వం ఆ లక్ష్యాన్ని 1,00,000 మెగావాట్లకు పెంచింది. ఆ విధానం ఫలితంగానే మన ఉమ్మడి జిల్లాలోని నంబులపూలకుంటలో, ఉమ్మడి కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల వద్ద భారీ సోలార్ పార్కులు వెలిశాయి. వాటికి వేల ఎకరాల నేల ఇచ్చింది మన సీమే. అక్కడ తయారయ్యే కరెంటు అన్ని ప్రాంతాలకూ విద్యుత్తు చేరవేసే లైన్ల వ్యవస్థకు, అంటే గ్రిడ్డుకు చేరుతుంది తప్ప మన ఇంటి బిల్లును తగ్గించదు కనుక, ఇంటి మిద్దెపై సౌర ప్యానెళ్లు పెట్టుకునేవారికి రాయితీ ఇచ్చేలా 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకాన్ని సభ్యులందరికీ చేర్చడం న్యాయమని కార్యవర్గం భావించింది.

ఈ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు రాయితీ లభిస్తుంది. అంతకు మించి ఎంత సామర్థ్యం పెట్టుకున్నా మొత్తం 78,000 రూపాయలే. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, పది కిలోవాట్ల వరకు సాంకేతిక సాధ్యత పరిశీలన లేకుండానే దరఖాస్తును ఆమోదించినట్టు పరిగణిస్తారు. అయితే ప్యానెళ్లు బిగించి, గ్రిడ్డు నుంచి తీసుకున్న కరెంటును, దానికి ఇచ్చిన కరెంటును లెక్కించే నెట్ మీటరు పెట్టి, తనిఖీ పూర్తయిన తరువాతే రాయితీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంటే మొదటి ఖర్చంతా ఇంటివారే భరించాలి, లేదా పూచీకత్తు అడగని బ్యాంకు రుణం తీసుకోవాలి. ఈ సంగతి ముందే చెప్పకుండా సంతకాలు చేయించుకునే ఏజెంట్ల విషయంలో సభ్యులు జాగ్రత్తగా ఉండాలని, పథకం కింద నమోదైన సంస్థలతోనే ఒప్పందం చేసుకోవాలని మరోసారి కోరుతున్నాము.

మాకు ఎక్కువ శ్రమ కలిగించింది మాత్రం మీటరు పేరు. తాతల, తండ్రుల పేర్లతోనే నడుస్తున్న కనెక్షన్లు మన కాలనీలో చాలా ఉన్నాయి. దరఖాస్తుదారు పేరు, కరెంటు బిల్లులోని పేరు కలవకపోతే పని అక్కడే ఆగిపోతుంది. అందువల్ల కార్యవర్గ సభ్యులు ఇంటింటికీ వెళ్లి వారసత్వ ధ్రువపత్రాలు, ఇంటి పన్ను రసీదులు సేకరించి, పేరు మార్పు దరఖాస్తులు రాసిపెట్టారు. అన్నదమ్ముల మధ్య వాటాలు తేలని ఇళ్లలో ఈ పని ముందుకు సాగలేదు.

అద్దెకున్న కుటుంబాలకు ఈ విధానంలో దారి దొరకకపోవడం మమ్మల్ని బాధించింది. మిద్దె యజమానిది, బిల్లు కట్టేది అద్దెదారు. యజమానికి లాభం కనిపించకపోతే ప్యానెళ్లు పెట్టడు. మన సభ్యుల్లో గణనీయమైన భాగం అద్దెదారులే కనుక, దీనిపై ఒక వినతిపత్రం సిద్ధం చేశాము. అపార్టుమెంట్లకు మాత్రం కొంత వెసులుబాటు ఉంది: లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు నివాసుల సంఘాలు కిలోవాటుకు 18,000 రూపాయల రాయితీ పొందవచ్చు.

మన ఎండ మంచిదే గానీ, వేడి పెరిగేకొద్దీ ప్యానెళ్ల ఉత్పత్తి కొంత తగ్గుతుంది. దుమ్ము పేరుకుంటే మరింత పడిపోతుంది. నీటి ఎద్దడి ఉన్న ఊరిలో తడిగుడ్డతో తుడిచే పద్ధతిని మిద్దెపైనే చేసి చూపించాము.

వచ్చే ఏడాదికి పేరు మార్పు సహాయ కేంద్రాన్ని ప్రతి ఆదివారం కొనసాగించడానికి, అద్దెదారుల వినతిపత్రాన్ని విద్యుత్ నియంత్రణ మండలికి పంపడానికి సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి