మా ఆర్కిడ్ కొత్త కాడ వేసింది, సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

మా ఇంట్లోని ఫెలనాప్సిస్ ఆర్కిడ్ కొత్త పూలకాడ వేసింది. ఈ కబురు ముందుగా అందాల్సింది మూడో అంతస్తులో ఉండే వృక్షశాస్త్రం మేడమ్ గారికి. ఆ తరువాత వీధి చివర నర్సరీ పెద్దాయనకు, ఇస్త్రీ బండి అన్నయ్యకు, వాననీళ్ళు పట్టి ఇచ్చిన పక్కింటివాళ్ళకు. ఎవరికి వారికి చెప్పాను కానీ నలుగురిలో చెప్పకపోతే నాకు తృప్తిగా ఉండదు. పైగా హైదరాబాదు ఎండల్లో, బోరు నీళ్ళతో మొదటిసారి ఆర్కిడ్ పెంచబోయేవాళ్ళకు వాళ్ళ మాటలు అక్కరకు వస్తాయి.

గృహప్రవేశానికి వచ్చిన మొక్క ఇది. తెల్లని రేకులు, మధ్యలో ఊదారంగు పెదవి, కింద మెరిసే పింగాణీ కుండీ. కుండీకి అడుగున చిల్లు లేదు. అమ్మినవాళ్ళు అలాగే అమ్మారు, తెచ్చినవాళ్ళు అందంగా ఉందని తెచ్చారు. కొన్నాళ్ళకు కింది ఆకులు మెత్తబడి, ముడతలు పడి వాలిపోయాయి. ఇక సలహాలకు కొదవేముంది? నీళ్ళు చాలలేదన్నారు ఒకరు, ఎక్కువయ్యాయన్నారు మరొకరు. ఎండలో పెట్టమన్నారు, వేపపిండి వేయమన్నారు, వారానికి మూడు ఐసు ముక్కలు పెట్టమన్నారు. మేడమ్ గారు మాత్రం ఏ సలహా ఇవ్వకుండా ఒకటే అడిగారు: "వేళ్ళు ఎలా ఉన్నాయమ్మా?"

వేళ్ళు ఎవరు చూశారు? ఆ సాయంత్రమే ఆవిడ కత్తెర, స్పిరిట్ సీసా, పాత వార్తాపత్రిక పట్టుకుని మా ఇంటికి దిగి వచ్చారు. మొక్కను కుండీలోంచి తీసి పత్రిక మీద పడుకోబెట్టారు. వేళ్ళ మధ్య బిగించి కూరిన నాచు తడిసి ముద్దగా ఉంది, ముక్కిపోయిన వాసన. గోధుమరంగు వేరును ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగారు. పైపొర తొడుగులా జారి ఆవిడ చేతిలోకి వచ్చేసింది, మొక్కకు సన్నని దారం లాంటి నడిమి పోగు మాత్రం మిగిలింది. కుండీ నిండా తడి ఉన్నా ఆకులు ఎందుకు ముడుచుకున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. నీళ్ళు తాగడానికి మంచి వేళ్ళే లేవు. నీళ్ళు లేక ఎండినా, నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళినా ఆకులు ఒకేలా వాలిపోతాయట. ఆకును మాత్రమే చూసి నీళ్ళు పోస్తే సగం చచ్చినదాన్ని పూర్తిగా చంపినట్టే.

"ఇంటర్‌లో వాండా, వృక్షోపజీవి, వెలామిన్ కణజాలం అని రాసి మార్కులు తెచ్చుకున్నావుగా, అది ఇదే" అన్నారు నవ్వుతూ. వాండా కూడా ఒక ఆర్కిడ్డే, వృక్షోపజీవి అంటే చెట్టు మీద బతికే మొక్క. బైపీసీ చదివిన నేను ఆ వేరు బొమ్మ ఎన్నిసార్లు గీశానో! గీసిన వస్తువును చేత్తో తాకడం మాత్రం అదే మొదలు. వేరు చుట్టూ ఉండే స్పంజి లాంటి ఆ పొరే వెలామిన్. వాన పడగానే తడిని పీల్చుకుంటుంది, ఆ తరువాత గాలికి ఆరిపోవాలి. ఫెలనాప్సిస్‌లు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వంటి చోట్ల చెట్ల కొమ్మలను పట్టుకుని ఇలాగే బతుకుతాయి. మట్టిలో పాతడం, చిల్లు లేని కుండీలో నానబెట్టడం వాటికి ఊపిరాడనివ్వని పనులు.

కుళ్ళినవన్నీ కత్తిరించారు. కోతకూ కోతకూ మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడిచారు. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దారు, అదీ కోత మీద మాత్రమే. మంచి వేళ్ళకు తగిలితే వాటినీ ఎండబెడుతుందట. చివరికి పచ్చగా, గట్టిగా ఉన్న వేళ్ళు గుప్పెడు కూడా మిగలలేదు. అప్పుడు ఆవిడ పూలకాడ కూడా కోసేయమన్నారు. మా అత్తగారు ససేమిరా అన్నారు, కళకళలాడుతున్న పూలను కోస్తారా అని. "వేళ్ళు లేని మొక్క పూలను మోయలేదండీ, ముందు అది బతకాలి" అని మేడమ్ గారు నచ్చజెప్పారు. ఆ కాడను గాజు గ్లాసులో పెడితే చాలా రోజులు వాడకుండా నిలిచింది. అత్తగారి కోపం అంతకంటే ముందే తీరింది లెండి.

ఇక కుండీలో ఏం నింపాలి? పైన్ బెరడు కోసం నర్సరీకి వెళ్తే పెద్దాయన డబ్బులు తీసుకునే ముందే వద్దన్నారు. ఆయనది తూర్పు కనుమల వైపు పల్లె. "మా ఊళ్ళో ఇలాంటివి మామిడి చెట్ల మీద వాటంతటవే పెరుగుతాయమ్మా, వాటికి ఎవరు బెరడు కొని వేస్తున్నారు? కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గులు చాలు" అని డొక్క ముక్కలు సంచెడు ఇచ్చి పంపారు. అమ్ముకునే మనిషి అమ్మకం వదులుకుని చెప్పిన మాట కాబట్టి నాకు దాని విలువ ఎక్కువ. డొక్కలో ఉప్పు ఉంటుంది కనుక రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి కడగాలని కూడా ఆయనే చెప్పారు. ఆయన చూసినది వాండా టెస్సెలేటా అయి ఉంటుందని మేడమ్ గారు అన్నారు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బరో 1795లో లోకానికి పరిచయం చేసిన మొక్క అది. చెట్టు మీద కూర్చుంటుందే కానీ చెట్టు రసం తాగదు. (ఇది చదివి అడవిలోంచి పీక్కొచ్చేరు, ఆ పని చేయకండి.)

బొగ్గులు ఇస్త్రీ బండి అన్నయ్య ఇచ్చారు. కర్ర బొగ్గు కావాలన్నాను, ఎందుకని అడగలేదు. చిన్న ముక్కలుగా కొట్టి, నుసి జల్లించి మరీ ఇచ్చారు. వేళ్ళు బయటికి కనిపించాలని పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, కాల్చిన ఊచతో అడుగునా పక్కలా చిల్లులు పెట్టాం. పింగాణీ కుండీలో ఇప్పుడు గరిటెలు ఉంటున్నాయి.

నీళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వేళ్ళు పచ్చగా ఉంటే తడి ఉన్నట్టు, వెండి రంగుకు తిరిగితే దాహం వేసినట్టు. వారానికి ఇన్నిసార్లు అన్న లెక్క పనికిరాదు. జూలై ముసురులోనూ ఏప్రిల్ వడగాలిలోనూ ఒకే లెక్క ఎలా నడుస్తుంది? వెండి రంగు రాగానే పొద్దున్న పూట డబ్బాను పది పదిహేను నిమిషాలు నీళ్ళలో ఉంచి, తీసి, పూర్తిగా కారనిస్తాను. ఆకుల నడుమ మొవ్వులో నీళ్ళు నిలిస్తే వెంటనే దూదితో అద్దేయాలి, లేకపోతే మొవ్వు కుళ్ళుతుంది. మా బోరు నీళ్ళకు ఆకుల మీద తెల్లని మరకలు పడుతుంటే పక్కింటివాళ్ళు డాబా మీద వాననీళ్ళు పట్టి సీసాలకు ఎత్తి ఇచ్చారు. అవి అయిపోయాక మంచినీళ్ళ ఫిల్టరులో వడకట్టిన నీళ్ళు పోస్తున్నాను. ఫిల్టరు బయటికి వదిలే నీళ్ళను వృథా ఎందుకని ఆర్కిడ్‌కు పోయకండి, ఉప్పంతా వాటిలోనే పోగై ఉంటుంది. ఐసు ముక్కల మీద నాకు నమ్మకం లేదు. వేడి ప్రాంతపు అడవి మొక్క వేళ్ళ మీద ఐసు పెట్టమనడానికి మనసెలా ఒప్పిందో!

వేసవిలో తూర్పు కిటికీ దగ్గర నుంచి రెండడుగులు లోపలికి జరిపి, గులకరాళ్ళూ నీళ్ళూ ఉన్న పళ్ళెం మీద పెట్టాం, డబ్బా అడుగు నీళ్ళకు తగలకుండా. ఆ గదిలోనే మా అత్తగారు మామిడికాయలు మగ్గవేస్తారు. మగ్గే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు ఆర్కిడ్ మొగ్గలు రాలిపోతాయని మేడమ్ గారు చెప్పగానే, మొగ్గ ఒక్కటి కూడా లేని మొక్క కోసం అత్తగారు గంపను వంటింటి అటక మీదికి మార్చారు. పూలకాడ కోయవద్దని పోట్లాడింది కూడా ఆవిడే మరి.

చలికాలం రాత్రులు చల్లబడితేనే ఈ మొక్కకు పూలకాడ పుడుతుంది. ఆ చల్లదనం కొన్ని వారాలు తగలాలి, హైదరాబాదు డిసెంబరు ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. ఆకు సందులోంచి పచ్చని మొన తొంగిచూసినప్పుడు వేరేమో అనుకున్నాం. వేరు కొన గుండ్రంగా, నున్నగా మెరుస్తుంది. ఇది కొంచెం చదునుగా, ఒక పక్క చిన్న పొలుసు కప్పుకుని, వెలుగు వైపు పైకి లేస్తోంది. మేడమ్ గారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి "కాడే" అన్నారు. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. ఇక మొక్కను అటూ ఇటూ తిప్పవద్దన్నారు, తిప్పితే కాడ వంకర్లు పోతుందట.

పూలు రావడానికి ఇంకా రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఈలోగా కడిగి ఆరబెట్టిన కొబ్బరి డొక్క ముక్కలు, జల్లించిన బొగ్గులు మా ఇంట్లో అర సంచి మిగిలి ఉన్నాయి. మన కాలనీలో ఎవరి ఆర్కిడ్ అయినా చిల్లు లేని కుండీలో ఉంటే డబ్బా తెచ్చుకుని వచ్చి పట్టుకెళ్ళండి. అన్నయ్యా, పెద్దాయనా నా దగ్గర పైసా తీసుకోలేదు కాబట్టి నేనూ తీసుకోను.