వార్షిక నివేదిక: విజయనగరం వీధుల్లో కథా నడక

గౌరవ సభ్యులకు నమస్కారాలు. గ్రంథాలయ నిర్వహణ, వేసవి శిబిరం ఎప్పటిలాగే సాగాయి కనుక వాటి వివరాలను జమాఖర్చుల పట్టికకు వదిలి, ఈ నివేదికను ఈ ఏడాది కొత్తగా చేపట్టిన కథా నడకకే కేటాయిస్తున్నాము.

ఊళ్లో నడిచే మనిషి ఒక చోట ఆగితే ఆ చోటి కథ అతని ఫోనులో వినిపించాలని, అతను ఎంచుకున్న దారిని బట్టి తరువాతి కథ మారాలని సంకల్పించాము. గంటస్తంభం దగ్గర శ్రోతను ఎటు వెళతారని ఫోను అడుగుతుంది. కోట వైపు అంటే, 1757లో బొబ్బిలి యుద్ధం ముగిశాక హతుడైన విజయరామరాజు, 1794లో పద్మనాభంలో నేలకొరిగిన విజయరామరాజు, ఒకే పేరున్న ఆ ఇద్దరి కథ మొదలవుతుంది. సంగీత కళాశాల వైపు అంటే, 1919లో దానికి తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథలు, ఆయన తరువాత ఆ బాధ్యత చేపట్టిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయులీనం ప్రస్తావనకు వస్తాయి.

ఎక్కువ చర్చ బొంకులదిబ్బ గురించి జరిగింది. గురజాడ వారి ‘కన్యాశుల్కం’ మొదటి రంగం అక్కడే జరుగుతుంది కాబట్టి, నాటకంలోని మాటలనే వినిపిద్దామని కొందరు సభ్యులు కోరారు. అవి పుస్తకంలో ఎలాగూ దొరుకుతాయి, ఆ చోటి గురించి పెద్దల జ్ఞాపకాలు మాత్రం ఇప్పుడు పదిలపరచకపోతే మళ్లీ దొరకవు అనే వాదనే చివరికి నెగ్గింది. వాడుక భాష కోసం గురజాడ నిలబడిన ఊరిలో ఆ జ్ఞాపకాలను పుస్తకాల భాషలోకి మార్చడం మాకు మనస్కరించలేదు. చెప్పినవారి యాసలోనే ఉంచాము.

మొదట్లో కెమెరా తెరపై పాత బొమ్మలు కనిపించే ఏర్పాటు చేశాము. పిల్లలు కోట గోడను వదిలి తెరనే చూస్తున్నారని, బళ్లు తిరిగే దారిలో అది ప్రమాదమని గ్రహించి బొమ్మలు తీసేసి, కథను వినికిడికే పరిమితం చేశాము. జీపీఎస్‌తోనూ చిక్కు వచ్చింది. ఆరుబయట ఫోను మన ఉనికిని సుమారు 5 మీటర్ల తేడాతో పసిగట్టగలదు గాని, ఇరుకు సందుల్లో సంకేతాలు గోడలకు తగిలి దారి తప్పడంతో ఒక వీధి కథ పక్క వీధిలో మొదలయ్యేది. అందుకే దుకాణదారుల అనుమతితో అక్కడక్కడ క్యూఆర్ కోడ్ పలకలు పెట్టాము.

స్మార్ట్‌ఫోను లేనివారిని ఈ నడకకు దూరం చేయడం న్యాయం కాదు. కెనడాలోని టొరంటోలో 2003లో మొదలైన ‘మర్మర్’ అనే ప్రయత్నంలో, వీధిలోని పలకపై ఉన్న నంబరుకు ఫోను చేస్తే ఆ చోటి కథ వినిపించేది. మీట నొక్కి దారి ఎంచుకునే అలాంటి సదుపాయాన్ని వచ్చే ఏడాది మన ఊరిలోనూ కల్పించడానికి సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాము. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం గురించి చెప్పగల పెద్దలు మీ ఇళ్లలో ఉంటే కార్యవర్గానికి తెలియజేయండి. వారి ఇంటికే వచ్చి రికార్డు చేసుకుంటాము.