షెంజెన్ అనే ముందు మా గ్రామకంఠం సంగతి తేల్చండి

సంపాదకుల వారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో రామాయపట్నం పోర్టు గురించి అర పేజీ వేశారు కదా, అందులో ఒక పెద్దమనిషి అన్నాడు, చైనాలో చేపలు పట్టుకునే చిన్న పల్లె 40 ఏళ్ళలో షెంజెన్ మహానగరం అయింది, మనదీ అట్టనే అవుద్ది అని. మా ఉలవపాడు సెంటర్లో టీ కొట్టు దగ్గర ఆ ముక్క చదివి ఒకటే నవ్వులు, ఇంకొకాయనేమో అప్పుడే సపోటా తోట సెంటు ఎంత పలుకుద్దో లెక్కలేసుకుంటా ఉన్నాడు. నేను నవ్వలేదు, లెక్కా వేయలేదు, ఎందుకంటే నేను షెంజెన్ చూసొచ్చినోణ్ణి, రెండు రోజులే అనుకోండి, కానీ ఆ రెండు రోజుల్లో చూసింది ఇంకా బుర్రలో తిరగతానే ఉంది, వచ్చిన కాడ్నించి దాని గురించి ఏది కనపడితే అది చదవతా ఉన్నా.

నేను ఎట్టా పోయినానంటే, చీమకుర్తిలో 19 ఏళ్ళు గెలాక్సీ గ్రానైట్ బ్లాకుల దగ్గర పనిచేశా, చైనా బయ్యర్లు వస్తే వాళ్ళతో క్వారీలో తిరిగి, బ్లాకు మీద నీళ్ళు కొట్టించి, క్రాకు ఉందో లేదో చూపించి, పెయింటుతో మార్కింగ్ వేయించడం నా పని. 2013 మార్చిలో మా ఓనరు చైనాలో షియామెన్ అనే సిటీలో జరిగే రాళ్ళ ఎగ్జిబిషన్‌కి నన్ను కూడా తీసకపోయాడు, తిరుగు ప్రయాణం హాంకాంగ్ మీదగా కాబట్టి మధ్యలో షెంజెన్‌లో దిగాం. ఒక బ్యాంకు బిల్డింగ్ లోపలికి పోతే కింద నేల నల్లగా, అందులో బంగారు చుక్కలు, చూడంగానే తెలిసిపోయింది మన రాయేనని, వంగి చేత్తో తడిమా, సెక్యూరిటీ అతను పరిగెత్తుకుంటా వచ్చాడు నాకేమన్నా అయిందేమోనని. మన కొండ బ్లాకులు బ్లాకులుగా పోయి అక్కడ అద్దంలా మెరస్తా ఉంటే సంతోషం వేసింది, కొంచెం కడుపు మండింది కూడా, కోసి పాలిష్ పట్టే కూలీ డబ్బులు వాళ్ళకే కదా పోయింది.

సరే అసలు విషయం. ఆ చేపల పల్లె కథ సగమే నిజం. 1979లో సిటీ అని పేరు మార్చక ముందు దాన్ని బావోఆన్ కౌంటీ అనేవాళ్ళు, మన లెక్కలో ఒక పెద్ద తాలూకా, 3 లక్షల పైనే జనం, వరి వేసేవాళ్ళు, లిచీ తోటలోళ్ళు, సముద్రం ఒడ్డున ఆల్చిప్పలు పెంచేవాళ్ళు, చేపలోళ్ళు అందరూ ఉండేవాళ్ళు. షెంజెన్ అనేది అందులో ఒక బజారు ఊరు, హాంకాంగ్ నుంచి కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) పోయే రైలు మార్గంలో సరిహద్దు దగ్గర. ఆ పేరుకి అర్థం లోతు కాలవ అంట, పొలాల మధ్య పారే కాలవ. అంతే తప్ప నాలుగు పడవలు, పది గుడిసెలు ఉన్న చోట మంత్రం వేస్తే సిటీ లేవలా.

రెండోది ఆ పెద్దమనిషి అసలు ఎత్తనిది, హాంకాంగ్, 1997 దాకా బ్రిటిష్‌వాళ్ళ పాలనలో ఉన్న సిటీ. లువోహు దగ్గర చిన్న నది, దాని మీద వంతెన, దాటితే హాంకాంగ్. నేను ఆ వంతెన నడిచే దాటా. 1950ల నుంచి 70ల దాకా ఇటు జనం రాత్రిపూట ఈదుకుంటా అటు పారిపోయేవాళ్ళు, మునిగి చచ్చిపోయినోళ్ళూ ఉన్నారు, అటు పోతే కూలీ ఎన్నో రెట్లు ఎక్కువ మరి. ఇప్పటి అధ్యక్షుడు షి జిన్‌పింగ్ వాళ్ళ నాన్న షి జాంగ్‌షున్ 1978లో షెంజెన్ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి పెద్దగా వచ్చి ఇదంతా చూసి, తుపాకులు పెట్టి ఆపితే ఆగేది కాదు, ఇక్కడే పని పుట్టియ్యాలని పైకి చెప్పాడు. అప్పట్లో చైనాని నడిపిన డెంగ్ షియావోపింగ్ ఏమన్నాడంటే, సెంటర్ దగ్గర డబ్బుల్లేవు, పాలసీ ఇస్తాం, మీ తిప్పలు మీరు పడి దారి చేసుకోండి అన్నాడు. 1980 ఆగస్టు 26న షెంజెన్, జుహాయ్, షాంటౌ, షియామెన్, ఈ 4 చోట్ల స్పెషల్ ఎకనామిక్ జోన్లు పెట్టుకునేదానికి చట్టం ఓకే అయింది, షెంజెన్ జోన్ ఒక్కటే 327.5 చదరపు కిలోమీటర్లు. హాంకాంగ్ ఫ్యాక్టరీలోళ్ళకి అక్కడ జాగా లేదు, కూలీ ఎక్కువ, వంతెన దాటితే రెండూ చవక, అందుకని బొమ్మలు, బట్టలు, వాచీలు అన్నీ ఇటు దాటించారు, కొట్టు అటు, ఫ్యాక్టరీ ఇటు. మరి మన రామాయపట్నానికి ఒక పక్క కావలి, ఇంకో పక్క సింగరాయకొండ. రెండూ మంచి ఊర్లే, నేనేమీ అనను, కానీ హాంకాంగ్ కాదు కదండీ.

మొదట కొండలు పగలగొట్టింది షెంజెన్‌లోనే షెకౌ అనే చోట, 1979లో. హాంకాంగ్‌లో ఉన్న చైనా మర్చంట్స్ అనే ప్రభుత్వ కంపెనీ, దాని పెద్ద యువాన్ గెంగ్. టైమ్ అంటే డబ్బు, చురుకు అంటే ప్రాణం అని రోడ్డు పక్కన బోర్డు పెట్టించింది ఆయనే, ఆ రోజుల్లో అక్కడ డబ్బు అనే మాట బోర్డు మీద రాయడమే పెద్ద గొడవ. నాకు బాగా నచ్చింది ఇంకొకటి, రేవు పనిలో మట్టి తోలే ట్రక్కు డ్రైవర్లకి రోజు కోటా దాటితే ట్రిప్పుకి 4 ఫెన్‌లు బోనస్ అన్నారు, ఫెన్ అంటే మన పైసా లాంటిది, ఆ 4 పైసలకే ట్రిప్పులు అమాంతం పెరిగాయంట. ఇది కమ్యూనిజం కాదని పైనోళ్ళు ఆపేస్తే పని మళ్ళీ నత్తనడక, ఆఖరికి బీజింగ్ దాకా పోయి తెచ్చుకున్నారు ఆ 4 ఫెన్‌లు. క్వారీలో పనిచేసినోడికి ఇది చెప్పాల్సిన పని లేదు, ట్రిప్పు బేటా ఉన్న రోజు టిప్పర్లు ఎట్టా తిరుగుతాయో మాకు తెలుసు.

తర్వాత అంతా అందరికీ తెలిసిందే, గ్వోమావో అని 53 అంతస్తుల బిల్డింగ్ 1985కల్లా లేపారు, 3 రోజులకో అంతస్తు అని దేశమంతా చెప్పుకున్నారు, 1984లో ఒకసారి 1992లో ఒకసారి డెంగ్ స్వయంగా వచ్చి చూసిపోయాడు, 1987లో హువావే, 1995లో బీవైడీ, 1998లో టెన్సెంట్, ఈ పెద్ద కంపెనీలు అక్కడే పుట్టాయి, 2017 ఆఖరుకి సిటీ బస్సులు 16 వేల పైన అన్నీ కరెంటువి చేశారు, 2020 జనాభా లెక్కల్లో కోటీ 75 లక్షలు. ఈ అంకెలన్నీ స్టేజీ మీద చెప్పేదానికి బాగుంటాయి.

స్టేజీ మీద చెప్పనిది ఇప్పుడు చెప్తా. మా బయ్యర్‌కి దుబాసీగా ఉండే కుర్రాడు హునాన్ రాష్ట్రం నుంచి వచ్చినోడు, బైషిజౌ అనే చోట అద్దెకి ఉండేవాడు, సాయంత్రం వాడి రూముకి పోయినా. చుట్టూ అద్దాల బిల్డింగులు, మధ్యలో ఈ ఊరు, అవును ఊరే, 6, 7 అంతస్తుల ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకొని, ఈ కిటికీలో నుంచి చెయ్యి చాపితే ఆ కిటికీలో వాళ్ళ చెయ్యి అందుద్ది, అందుకే వాటిని షేక్‌హ్యాండ్ బిల్డింగులు అంటారంట. మధ్యాన్నం కూడా లైటు వేసుకోవాల్సిందే. కింద నూడిల్స్ కొట్లు, సెల్ఫోన్ రిపేర్లు, చేపలు, కోళ్ళు, అచ్చం మన ఒంగోలు బజారు. ఈ ఇళ్ళు ఎవరివి అని అడిగితే వాడు చెప్పాడు, ఇక్కడ మొదట్నుంచీ ఉన్న రైతులవి అని.

నాకు అక్కడ బుర్ర ఆగిపోయింది. సంగతేందంటే, 1980ల్లో సర్కారు పొలాలు తీసుకుంది కానీ ఊళ్ళని లేపి వేరే చోట కూర్చోబెట్టేదానికి, సరిగ్గా డబ్బులిచ్చేదానికి దాని దగ్గర పైసలు లేవు. అందుకని ఇళ్ళ జాగా, ఊరుమ్మడి జాగాలో కొంత ఊరోళ్ళకే వదిలేసింది. మన భాషలో చెప్పాలంటే గ్రామకంఠం ముట్టుకోలేదు. ఫ్యాక్టరీలకి లక్షల మంది వచ్చిపడ్డారు, వాళ్ళు ఉండేదానికి సర్కారు ఇళ్ళు కట్టలేదు, రైతులు ఒక అంతస్తు మీద ఇంకో అంతస్తు వేసి అద్దెలకి ఇచ్చుకున్నారు. సిటీలో దాదాపు సగం మంది ఇట్టాంటి ఊళ్ళలోనే ఉండేవాళ్ళంటారు. 1992లో జోన్ లోపలి రైతులందరినీ పట్నం జనం కింద రాసేశారు, అయినా ఊరుమ్మడి ఆస్తులు ఊరి పేరు మీద వాటాల కంపెనీలుగా మారాయి, ఊరోడు ప్రతివాడూ వాటాదారుడు, ఏడాదికోసారి డివిడెండు. యుమిన్ అని నిజంగానే చేపలోళ్ళ పల్లె ఒకటుంది, అక్కడ 1981 నాటికే ఇంటికి 10 వేల యువాన్ల (యువాన్ అంటే వాళ్ళ రూపాయి) ఆదాయం దాటి డాబా ఇళ్ళు కట్టుకున్నారు, 1984లో డెంగ్ వచ్చి కూర్చున్నది ఆ ఇళ్ళలోనే. హువాంగ్‌గాంగ్ అనే ఇంకో ఊరు చూశా, చుట్టూ టవర్లు, నడిమధ్యలో వాళ్ళ వంశం పెద్దల గుడి, ముందు పెద్ద బయలు, ముసలోళ్ళు చెట్టు కింద పేకాట. మన రచ్చబండేనండీ అది.

భూమి సర్కారుదే, దాని మీద హక్కు ఇన్నేళ్ళకని వేలం వేయొచ్చని హాంకాంగ్‌ని చూసి నేర్చుకొని 1987 డిసెంబర్ 1న మొదటి వేలం పెట్టారు, 8 వేల చిల్లర చదరపు మీటర్లు 50 ఏళ్ళకి 52 లక్షల 50 వేల యువాన్లు పలికింది. అప్పటికి వాళ్ళ రాజ్యాంగం దానికి ఒప్పుకోదు, మర్సటేడాది రాజ్యాంగమే మార్చారు. అంటే భూమి పెరిగితే లాభం ఎవరికి అనే లెక్క వాళ్ళు మొదట్నుంచీ వేసుకుంటానే ఉన్నారు, అందులో ఒక ముక్క ఊరోళ్ళ చేతిలో మిగిలింది. మంచితనంతో ఇచ్చారని నేననను, గతిలేక వదిలారు, కానీ మిగిలింది.

అంతా బంగారం అని రాయడం లేదు. 1993 నవంబర్‌లో ఒక బొమ్మల ఫ్యాక్టరీ తగలబడి 80 మందికి పైగా చచ్చిపోయారు, దాదాపు అందరూ ఆడపిల్లలే, సరుకు దొంగతనం అవుద్దని తలుపులకి తాళాలు, కిటికీలకి ఊచలు పెట్టి ఉంచారంట. బయట నుంచి పనికి వచ్చినోళ్ళకి ఆ ఊరి హుకోవు, అంటే మన స్థానికత సర్టిఫికెట్ లాంటిది, ఉండదు, పిల్లల చదువుకి తిప్పలు. జోన్ చుట్టూ 80 కిలోమీటర్ల పైన కంచె ఉండేది, లోపలికి రావాలంటే సొంత దేశపోళ్ళకే పాసు కావాల్సొచ్చేది, 2018లో గానీ దాన్ని కాయితాల మీద పూర్తిగా తీసేయలేదు. నేను టీ తాగిన ఆ బైషిజౌని కూడా 2019లో ఖాళీ చేయించారు టవర్లు కట్టేదానికి, ఇళ్ళ ఓనర్లకి నష్టపరిహారం ముట్టింది, అద్దెకున్న వేల కుటుంబాలు సామాన్లు నెత్తిన పెట్టుకొని పోయారు. ఆ కుర్రాడు అప్పటికే హునాన్ వెళ్ళిపోయాడు, ఫొటోలు పంపించాడు. మా చుట్టాలమ్మాయి తడ వైపు ఫోన్ల ఫ్యాక్టరీకి చీకటితో లేచి కంపెనీ బస్సెక్కి పోతది, ఆ ఫొటోలు చూపిస్తే, అక్కడ పనిచేసేచోటే ఊరుందా మామా, ఎంత బాగుంది అనింది. ఏం చెప్పాలో తెలియలా.

ఇప్పుడు మన సంగతి. మా ఉలవపాడు, గుడ్లూరు మండలాలని 2022లో ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు, అదే ఏడాది పోర్టు పని మొదలైంది, ఒడ్డున పల్లెకారుల ఊళ్ళని లేపి కాలనీకి మార్చారు. పోర్టు రావొద్దని నేను అనడం లేదు, కృష్ణపట్నం రాక ముందు మా బ్లాకులు చెన్నై పోర్టులో వారాల తరబడి పడి ఉండటం కళ్ళారా చూసినోణ్ణి. కానీ 2025లో మా మండలంలోని కరేడు జనం భూములు తీసుకోవద్దని హైవే మీదకొచ్చి కూర్చున్నారంటే ఊరికే కాదు, వాళ్ళది ఏడాదికి రెండు మూడు పంటలు పండే నేల. మా మేనత్త వాళ్ళు నెల్లూరు పక్కన ఒకప్పుడు ఫ్యాక్టరీ వస్తదంటే పొలం ఇచ్చారు, ఇచ్చిన రేటుకి ఇప్పుడు ఆ ఊళ్ళో బాత్రూమంత జాగా రాదు, ఫ్యాక్టరీ ఏళ్ళ తరబడి రాలా, ఆమె కొడుకు అదే పొలం గట్టు మీద వేసిన కంచెకి వాచ్‌మన్‌గా చేశాడు కొన్నాళ్ళు. ఊరోళ్ళకి భూమిలో వాటా అనేది మనకి కొత్త కూడా కాదు, అమరావతి పూలింగులో మెట్ట ఎకరానికి 1000 గజాలు ఇంటికి, 250 గజాలు కమర్షియల్‌కి అని రాసిచ్చారు కదా, అక్కడ వేయగలిగిన లెక్క ఇక్కడ ఎందుకు వేయలేరు. ఒక్కసారి చెక్కు చేతిలో పెట్టి పంపిస్తే మావోళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు, బండి, బంగారం, ఆడపిల్ల పెళ్ళి, ఒక ఏడాదిన్నర, అంతే, ఆ తర్వాత అదే పోర్టు గేటు ముందు కాంట్రాక్టు పనికి లైన్లో నిలబడటం.

అందుకని నేను అడిగేది ఒకటే. ఇంకోసారి ఎవరైనా స్టేజీ ఎక్కి షెంజెన్ అంటే మీ విలేకరిని లేచి అడగమనండి, మా ఊళ్ళ గ్రామకంఠం అక్కడే ఉంచుతారా, పోర్టు రోడ్డు మీద ఊరి పేరుతో కొంత జాగా రాసిస్తారా, లేకపోతే ఊరిని కాలనీకి తోలి ఆ జాగా కూడా బయటోళ్ళకి అమ్ముతారా అని. ఆయన ఏమన్నాడో మొదటి పేజీలో కాకపోయినా జిల్లా ఎడిషన్‌లో ఒక మూలనైనా వేయండి. గ్రామసభ పెడితే నేనూ అడగతా, పోయినసారి మాత్రం నా వంతు వచ్చేసరికి కరెంటు పోయి మైకు ఆగిపోయింది.

ఇట్లు
మీ పేపరు పాత పాఠకుడు,
ఉలవపాడు మండలం