ఉద్యోగం సంగతి నేనడగను

బుజ్జీ,

ఇక్కడ అందరం కులాసా. రమణ పెళ్లిలో శారద కొడుకు, నువ్వు టోక్యోలో ఉద్యోగం మానేసి సినిమావాళ్ల వెంట తిరుగుతున్నావని ఎవరితోనో అన్నాడట. నేను నమ్మలేదులే, మీ అమ్మే అప్పట్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

నువ్వెప్పుడో చూడమన్న జపాన్ డైరెక్టరు కింజీ ఫుకసాకు సినిమా చూశాను, 1973లో వచ్చిన యాకుజాల సినిమా, అదే, అక్కడి రౌడీ ముఠాలది. కెమెరా అంతలా ఊగుతుందేంట్రా, కళ్లు తిరిగాయి. తప్పుకు శిక్షగా హీరో వేలు కోసుకుంటే ఆ ముక్క ఎగిరి పెరట్లో పడుతుంది, అంతమంది రౌడీలూ కోళ్ల మధ్య వంగి వెతుకుతారు. నాకు నవ్వొచ్చింది, మీ అమ్మ లేచి వెళ్లిపోయింది.

తర్వాత ఆయన గురించి చదివాను. 1945లో పదిహేనేళ్ల పిల్లాడు, బడి మాన్పించి ఆయుధాల ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. ఫిరంగి గుళ్లు పడుతుంటే పిల్లలు ప్రాణభయంతో ఒకరి కింద ఒకరు దూరారట, పైనున్నవాళ్లు పోయారు, కిందున్నవాళ్లు మిగిలారు. తెల్లారాక స్నేహితుల శవాలు ఏరింది కూడా మిగిలిన ఆ పిల్లలే. నెల తిరిగేసరికి యుద్ధం అయిపోయింది, అంతవరకూ గొప్పలు చెప్పిన పెద్దలు మాట మార్చేశారు. ఆ సినిమాలో ముఠా నాయకుడు పనిపడితే దొంగ ఏడుపు ఏడ్చి కుర్రాళ్లను చావుకు పంపుతాడు చూడు, ఆ కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడర్థమైంది. డెబ్బయ్యేళ్ల వయసులో, 2000లో, బడిపిల్లలు ఒకర్నొకరు చంపుకునే సినిమా తీస్తే వాళ్ల పార్లమెంటులో కూడా గొడవైందట.

ఒక్క మాట, సలహా అనుకోకు. ఆయన 1953లో తోయే అనే సినిమా కంపెనీలో చేరాడు, డైరెక్టరైంది 1961లో. ఎనిమిదేళ్లు! కంపెనీలో ఉంటూనే పని నేర్చుకున్నాడు, ఎవరి మాటో నమ్మి రోడ్డున పడలేదు. నీకు తెలియదని కాదు, తెలిసినవాళ్లే తొందరపడతారు, మీ సుబ్బారావు మావయ్యను చూశాంగా.

ఆ బడిపిల్లల సినిమాకి స్క్రీన్‌ప్లే ఆయన కొడుకు కెంటాదే. 2003 జనవరిలో ఆయన పోతే రెండో భాగం పూర్తి చేసిందీ ఆ పిల్లాడే. ఆ కొడుకు తండ్రికి సినిమా మొత్తం రాసిచ్చాడు, నువ్వు నా మెసేజ్‌కి రెండు ముక్కలు రాయవు.

ఉద్యోగం మానేస్తే కంపెనీ ద్వారా వచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ పోతుందట గదా అక్కడ? ఊరికే అడిగాను. ఆ పన్ను పీకించుకున్నావా లేదా? వీసా ఎప్పటిదాకా ఉంది? డబ్బులు కావాలంటే నాకు చెప్పు, అమ్మకు చెప్పకు. ఆదివారం ఫోన్ చెయ్, నేనే ఎత్తుతాను.

నాన్న